ఎర్ర మూత డబ్బా

నేను వైద్యం చేసిన రోగుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా "నాకు తగ్గింది డాక్టరుగారూ" అని చెప్పలేదు. చెప్పినవాళ్ళంతా వాటి యజమానులే. పశువుల డాక్టరుగా కొత్తగా చేరే పిల్లలకు ఒక్క ముక్క చెప్పమంటే ఇదే చెబుతాను. మీ రోగి ఒకరు, మాట్లాడేది మరొకరు. ఆ ఇద్దరి మధ్యనున్న సందులో నా సర్వీసంతా గడిచిపోయింది.

మాది టెక్కలి. నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. నేను ఈ చదువుకు వెళ్తానంటే "ఆడపిల్లవి, గేదె కడుపులో చెయ్యి పెడతావా?" అని మా మేనత్త ముక్కు మూసుకుంది. పెట్టాను. భుజం దాకా పెట్టాను. ఇప్పుడు రిటైరై కాశీబుగ్గలో, జీడిపిక్కలు వేయించే వాసన పీలుస్తూ హాయిగా ఉన్నాను. ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయింది, ఏ ఫైలు ఎవరు తొక్కిపెట్టారు లాంటివి రాయను. రాస్తే నాకే ఆవలింతలొస్తాయి. ఒక కుక్క గురించీ, ఒక డబ్బా గురించీ, అంత చదువు చదివి నేను బోల్తాపడిన వైనం గురించీ రాస్తాను.

గడ్డి దూడ

ముందు ఒక గేదె సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోటబొమ్మాళి పక్కనున్న ఒక పల్లెకు వెళ్ళాను. గేదెకు దూడ చచ్చిపోయింది. పాలు చేపడం లేదు, మేత ముట్టడం లేదు. నేను సూది మందు తీసేలోగా ఇంటాయన గొడ్లసాలలోంచి ఒక బొమ్మ పట్టుకొచ్చి గేదె ముందు పెట్టాడు. చచ్చిన దూడ తోలు ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టాడు. గేదె దాన్ని నాకింది. నాకుతూ నాకుతూ చేపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నోరులేని జీవాన్ని ఇలా మోసం చేస్తావా?" అన్నాను.

ఆయన పాలు పితుకుతూ తలెత్తకుండానే, "దూడ అబద్దవే తల్లీ. పాలు నిజివే గదా" అన్నాడు.

సూది మందు సంచీలో పడేసుకుని వచ్చేశాను. ఆ మాటకు అర్థం నాకు పాతికేళ్ళ తరవాత గానీ తెలియలేదు. నా బుర్ర అంత చురుకైనది మరి.

రెండు రంగుల మూతలు

రిటైర్మెంటుకు నాలుగైదేళ్ళ ముందు, నాకు చదువు చెప్పిన ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. దిగులు పడ్డ కుక్కల మీద ఒక పరిశీలన చేస్తున్నామన్నారు. మనుషులకు దిగులు తగ్గడానికి ఇచ్చే మాత్రలే తగిన మోతాదులో కుక్కలకూ ఇస్తారు. అందులో మందు వల్ల తగ్గేదెంత, మందు ఇస్తున్నామన్న హడావిడి వల్ల తగ్గేదెంత అన్నది ఆయన ప్రశ్న. కొన్ని కుక్కలకు అసలు మందు, కొన్నిటికి అచ్చం అలాగే ఉండే వట్టి పిండి మాత్రలు. ఎర్ర మూత డబ్బా ఒక రకం, నీలం మూత డబ్బా ఇంకో రకం. ఏది ఏదో నాకూ తెలియదు, యజమానికీ తెలియదు. ఆ సంగతి రాసిన కాగితం కవరులో పెట్టి, అంటించి, ఆయన బీరువాలో ఉంటుంది.

"ఏమ్మా, యజమానులకు ముందే చెప్పాలి. ఇందులో మందుండొచ్చు, పిండి ఉండొచ్చు, ఇష్టమైతేనే తీసుకోమనాలి. అయ్యాక డబ్బాలు లెక్క ప్రకారం వెనక్కి రావాలి. ఇంకో మాట, ఏది మందో నువ్వు ఊహించకు. ఊహిస్తే నీ ముఖం చెప్పేస్తుంది" అన్నారు.

ఆయన పరమ చాదస్తం మనిషి. విద్యార్థులుగా మేం ఆయన్ని చాటున ఎన్ని తిట్టుకున్నామో లెక్కలేదు. కానీ ఇప్పుడు చెబుతున్నాను, మంచి గురువంటే మనం ఎక్కడ తప్పటడుగు వేస్తామో ముందే తెలిసినవాడు. నేను వేసిన తప్పటడుగు సరిగ్గా ఆయన చెప్పిన చోటే పడింది.

మాస్టారి మార్కులు

మొదటి డబ్బా, నీలం మూతది, టెక్కలిలో ఒక లెక్కల మాస్టారి కుక్కకు ఇచ్చాను. భార్యాభర్తలిద్దరూ బడికి పోతే అది ఒంటరిగా కూర్చుని ముందుకాలు కొరుక్కుని పుండు చేసుకునేది. రోజూ ఎలా ఉందో రాయమని మాస్టారికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఆయన కుక్కకు నూటికి మార్కులు వేశారు! మొదటి వారం ముప్పై. తరవాత నలభై ఎనిమిది. నెల తిరిగేసరికి అరవై రెండు.

"ఫస్టు క్లాసులో పాసయ్యాడండీ" అని ఆయన ముఖం వెలిగిపోయింది. "కళ్ళలో కళ వచ్చిందండీ. మీరు చూడట్లేదు గానీ తోక ఊపడంలో కూడా తేడా ఉంది."

నేను కాలు పట్టుకుని చూశాను. పుండు మొదటి రోజు ఎంతుందో అంతే ఉంది. ఇంకాస్త పెద్దదే అయిందేమో కూడా. కుక్క నావంక జాలిగా చూసింది. మాస్టారు అబద్ధమాడలేదు, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పగలను. మందు మొదలెట్టామన్న ఊరట ఆయనకు కలిగింది. ఆ ఊరట కళ్ళతో కుక్కను చూశారు. తాను మునిగింది గంగ, తాను వలచింది రంభ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ రోజు పాఠం నేర్చుకున్నాననుకున్నాను. యజమాని మాట నమ్మకు, స్వయంగా వెళ్ళి చూడు. పాఠం మంచిదే. కానీ సగమే నేర్చుకున్నాను. యజమాని కళ్ళను అనుమానించాను గానీ నా కళ్ళను అనుమానించాలని తట్టలేదు.

గురమ్మ, కర్రోడు

రెండో డబ్బా, ఎర్ర మూతది, ఉద్దానం తీరంలో ఒక మత్స్యకారుల ఊరికి వెళ్ళింది. గురమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. వారానికి రెండుసార్లు గంప పట్టుకుని, అప్పట్లో నా ఆసుపత్రి ఉన్న కాశీబుగ్గకు వచ్చేది. ఆమె దగ్గర చేప కొనేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ప్రతి బుట్టలోంచీ ఒక ముక్క కొరికి, ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుని మరీ అమ్ముతుంది. ఆమె నాలుకే ఆమె తక్కెడ.

భర్త ఎర్రయ్య ఈ తీరంలో చాలామంది మగవాళ్ళలాగే గుజరాత్ బోట్ల మీద పనికి వీరావల్ రేవుకు వెళ్ళాడు. ఆగస్టులో వెళ్తే వేసవిలోనే రావడం. వాళ్ళ నల్లకుక్క కర్రోడు రోజూ తెల్లవారుజామున ఎర్రయ్య వెంట పడవ దాకా వెళ్ళి, అతను తిరిగొచ్చేదాకా ఇసకలో పడుకునేది. అతను రైలెక్కాక కూడా ఆ వేళకు ఒడ్డుకు పోవడం మానలేదు. పడవలన్నీ నీళ్ళలోకి దిగుతాయి, తనవాడు కనపడడు. మూతి పైకెత్తి ఏడుపు లంకించుకునేది. అన్నం మానేసి పక్కటెముకలు తేలింది. ఫోన్లో ఎర్రయ్య గొంతు వినిపిస్తే ఇంకా ఎక్కువ ఏడ్చేది.

ఇదే మన వీధిలో అయితే కాసేపు విసుక్కుని ఊరుకుంటాం. అక్కడ కుదరదు. చేపల వేటకు దిగే మనిషిని వెనకనుంచి పిలవకూడదు, ఎవరూ కంట నీరు పెట్టకూడదు. అలాంటి చోట కుక్క ఏడుపా? ఒకరోజు ఒక పడవ అలల్లో తిరగబడి ఒకతని చెయ్యి విరిగింది. దాంతో ఊరి పెద్ద లచ్చుమన్న పదిమందినీ కూర్చోబెట్టి, కర్రోణ్ణి ఇచ్ఛాపురం అవతల వదిలేసి రావాలన్నాడు.

గురమ్మ నా దగ్గరకొచ్చి బల్ల పట్టుకుని నిలబడింది. "ఓలమ్మా, ఆడు ఎల్లేటప్పుడు నా సేతిలో ఎట్టి ఎల్లినాడమ్మా కుక్కని. ఒచ్చీసరికి నేదంటే ఏటి సెప్పీది? ఇంట్లో నాకు మాత్రం ఇంకెవులున్నారు?" అంది. మరీ దుఃఖం చూపించే మనిషి కాదామె.

అందుకే లచ్చుమన్నతో నేనే మాట్లాడాను. చెడ్డవాడేం కాదు. ఊళ్ళో పాతిక పడవల బాధ్యత అతని నెత్తి మీదుంది. "మందంతన్నావు గావట్టి ఆగుతాం డాట్రమ్మా. మందు అయిపోయీదాకా సూత్తాం. అప్పటికీ ఏడిత్తే మాత్రం మాటనేదు" అన్నాడు.

గురమ్మకు షరతులన్నీ చెప్పాను. మందో పిండో నాకే తెలియదన్నాను. "ఏదైతే అదే ఇయ్యి తల్లీ" అంది. పడవలు దిగే వేళకు ముందు ఇంటి దగ్గరే, ఎండుచేప ముక్కలో మాత్ర పెట్టి స్వయంగా తినిపించాలి. తిన్నాక కాసేపు పక్కనే కూర్చోవాలి. ఆమెకు రాయడం రాదు కనుక రెండు కొబ్బరిచిప్పలు పెట్టుకుంది. కర్రోడు ఊరుకున్న రోజు ఒకదాంట్లో గవ్వ, ఏడ్చిన రోజు రెండోదాంట్లో చింతపిక్క.

మొదటి రెండు వారాలూ చింతపిక్కలే. తరవాత గవ్వలు మొదలయ్యాయి. మాస్టారి దెబ్బ తిన్నదాన్ని కదా, నమ్మలేదు. చెప్పాపెట్టకుండా చీకటితో ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఒడ్డున పడవలు తోస్తున్నారు. కర్రోడు అటు రెండడుగులు వేశాడు. వాకిట్లోంచి గురమ్మ డబ్బా ఆడించింది, గలగలమని. అది వెనక్కి తిరిగి పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడింది. చేప తింది. ఆమె మెడ నిమురుతూ ఏవో ఊసులు చెప్పింది. పడవలన్నీ దిగిపోయాయి. ఏడుపు లేదు.

ఇంకో రెండుసార్లు వెళ్ళాను. అదే తీరు. ఎముకల మీద కండ కూడా పట్టింది. ఇది యజమాని ఊహ కాదు, నా కళ్ళతో చూసింది. ఎర్ర మూతే అసలు మందు అని నాకు నిశ్చయమైపోయింది. ప్రొఫెసరుగారి మాట గాలికొదిలేసి, "మందు పనిచేస్తోంది గురమ్మా! చూశావా, ఎంత బాగా పనిచేస్తోందో!" అని చిన్నపిల్లలా గంతులేసినంత పని చేశాను. ఆమె తలూపి నాకు చేపల పులుసు పెట్టింది.

కవరు విప్పిన రోజు

ఎనిమిది వారాలు అయ్యాయి. నేనే వెళ్ళి ఎర్ర మూత డబ్బా వెనక్కి తెచ్చుకున్నాను. మిగిలినవాటితో పాటు పెట్టెలో సర్దుతుండగా ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. నీలం మూతే అసలు మందు. ఎర్ర మూత డబ్బాలో ఉన్నది వట్టి పిండి.

నా ముఖం మాడిపోయింది. నిజమైన మందు తిన్న కుక్కల్లో కొన్నిటికి మంచి గుణమే కనిపించిందని కూడా ఆయన చెప్పారు, అది మీరు మరిచిపోవద్దు. మందు దండగని నేనెక్కడా అనడం లేదు. మాస్టారి కుక్కకు అసలు మందే పడ్డా పట్టలేదు. కర్రోడికి పిండి పట్టింది. గురమ్మకు పోయి నేనేమని చెప్పాలి?

మూడు రోజులు తిరక్కుండానే, ఒక శుక్రవారం, ఆమే వచ్చింది. గంప గుమ్మం దగ్గరే దింపింది.

"కర్రోడు మల్లీ మొదలెట్టీసినాడమ్మా. ఏడుపే ఏడుపు. ఆదోరం నాడు బండిలో ఏసుకెల్లి ఒగ్గీసొత్తావన్నారు."

"గురమ్మా, నీకొక మాట చెప్పాలి. ఆ మాత్రలు..."

"మాత్రలొద్దు తల్లీ. డబ్బా ఇయ్యి."

"డబ్బానా?"

"ఆ ఎర్ర మూత డబ్బా. మాత్రలేటి సేసుకుంతాను? పిండే గదా."

"నీకెవరు చెప్పారు?"

"ఒకలు సెప్పాలేటి? మందో పిండో తెల్దన్నావు గదా. మొదటి దినవే నాలిక మీదేసుకున్నాను. సేదు నేదు, వగరు నేదు."

అంత చదువుకున్నవాళ్ళం రంగు చూశాం, బరువు చూశాం, సైజు చూశాం. రుచి సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. చేపలో పెట్టి ఇచ్చేదే కదా అనుకున్నాం.

"కర్రోడికి కావాల్సింది ఆ సప్పుడమ్మా" అంది గురమ్మ. "పడవలు దిగీయేల నాను నోరెత్తి పిలవకూడదు గదా. అందుకనీసి డబ్బా ఆడించీదాన్ని. ఎక్కడున్నా ఒచ్చీసీవోడు. నువ్వట్టుకెల్లిపోనాక బిస్కత్తుల డబ్బాలో సింతపిక్కలేసి ఆడించి సూసినాను. సెవి కూడా ఇటు తిప్పనేదు."

గడ్డి దూడ అప్పుడు గుర్తొచ్చింది నాకు. కుక్కకు మాత్ర గురించి ఏం తెలుసు? మందో పిండో దానికి ఎవరు చెప్పారు? దానికి తెలిసింది ఆ చప్పుడు, ఆ వేళ, చేప ముక్క అందించే చెయ్యి, ఆ తరవాత పక్కన కూర్చునే మనిషి. డబ్బా పట్టుకొచ్చేసి అసలు మందు పట్టుకొచ్చేసింది నేనే.

ప్రొఫెసరుగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నాలుకతోనా?" అన్నారాయన.

"అవునండి."

"అయితే ఆ కుక్క లెక్కలోకి రాదమ్మా. కొట్టేసెయ్."

"మరి డబ్బా అండి?"

"లెక్కలో లేని కుక్క డబ్బా నాకెందుకు? దానిదే" అన్నారు. ఆ చాదస్తపు మనిషి నోట ఆ మాట విని ఆయన మీద నా పాత కోపాలన్నీ వదిలేసుకున్నాను.

ఆదివారం తెల్లవారు

ఆదివారం తెల్లవారేసరికి నేనూ ఆ ఊళ్ళో ఉన్నాను. చింతపిక్కలు కొన్ని ఎర్ర మూత డబ్బాలో వేసి గురమ్మ వాకిట్లో నిలబడింది. రోడ్డు మీద బండి సిద్ధంగా ఉంది. ఒడ్డున లచ్చుమన్న భుజాన తువ్వాలేసుకుని పడవలు చూస్తున్నాడు. కర్రోడు అప్పటికే అతని పక్క దాకా పోయి మూతి పైకెత్తాడు.

గురమ్మ డబ్బా ఆడించింది. సముద్రం హోరులో ఆ చప్పుడు నాకే సరిగా వినపడలేదు. నాలుగడుగులు ముందుకెళ్ళి మళ్ళీ ఆడించింది. "కర్రోడా" అని అరవాలని నా నోటిదాకా వచ్చింది. గురమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అరవొద్దని. మూడోసారి ఆడించింది.

కర్రోడి చెవి తిరిగింది. మూతి దిగింది. ఒక్క ఉదుటున పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పడవలు దిగుతున్నాయి కదా, ఏడవకూడదని గుర్తొచ్చి గబగబా తుడుచుకున్నాను.

ఆఖరి పడవ అలలు దాటాక లచ్చుమన్న వాకిట్లోకి వచ్చాడు. "మందు మల్లీ మొదలెట్టినారేటి డాట్రమ్మా?" అన్నాడు.

గురమ్మ నావంక చూసింది. అవుననడం ఎంత తేలికో! "మందు కాదు లచ్చుమన్నా. చింతపిక్కలు. అప్పుడు తిన్నది కూడా మందు కాదు, పిండి" అన్నాను.

అతను డబ్బా తీసుకుని, మూత విప్పి, లోపల చూసి, మళ్ళీ పెట్టాడు. ఒకసారి తనే ఆడించాడు. కర్రోడు అతని మొహంలోకి చూసి తోకాడించాడు.

"ఏదైతేనేటి. నోరు మూసినాడు. ఉండనీ" అని చెప్పి, బండివాణ్ణి పొమ్మని చెయ్యి ఊపాడు.

చివరికి అడిగిన మాట

పిల్లలూ, పిండిని మందని చెప్పి ఎవరికీ ఇవ్వకండి. అది మోసమే. కానీ అసలు మందు ఇచ్చేటప్పుడు కూడా ఎవరు ఇస్తున్నారు, ఏ వేళకు, ఎలా కూర్చుని ఇస్తున్నారు అని అడగండి. మందుచీటీలో ఆ గడి ఉండదు, మీరే గీసుకోవాలి. జంతువుకు గుణం కనిపిస్తే మీ మందుకే కిరీటం పెట్టేయకండి. గుణం కనపడిందని యజమాని అంటే పుండు చూడండి. కనపడిందని మీరే అనుకుంటే ఇంకెవరినైనా తెచ్చి చూపించండి.

ఎర్రయ్య వేసవిలో తిరిగొచ్చాడు. కర్రోడు అతన్ని ఇసకలో పడగొట్టి మొహమంతా నాకేశాడట. ఆ సంబరం చెప్పడానికి మొగుడూ పెళ్ళాం కాశీబుగ్గ వచ్చారు. కుక్క కూడా ఆటోలో దర్జాగా కూర్చుని వచ్చింది. అంతవరకూ దిగమింగుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"గురమ్మా, మొదటి రోజే పిండని తెలిసింది కదా. నేనొచ్చి మందు పనిచేస్తోందని అంత గంతులేస్తుంటే ఒక్కసారైనా చెప్పలేదేం?"

గురమ్మ ఎర్రయ్య వంక చూసి, నావంక చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కర్రోడికి పనిసేసిందో నేదో నాకు తెల్దు తల్లీ. నువ్వు ఒచ్చిన మొదటి దినాల మొకం ఏలాడేసుకుని ఉండీదానివి. ఆ మందు మాటెత్తితే మొకం ఎలిగిపోయీది. నీకు పనిసేత్తన్నాది గదా, మద్దిలో ఎందుకు ఆపడం అనీసి ఊరుకున్నాను."